మీకు తెలుసా? పస్కా పౌర్ణమి, మన పంచాంగం

ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం పగటిపూట జరగదు. చైత్ర శుద్ధ చతుర్దశి నాడు, చంద్రుడు పైకొచ్చాక, పండు వెన్నెల్లో జరుగుతుంది. 2022లో అది ఏప్రిల్ 15న, 2023లో ఏప్రిల్ 5న, 2024లో ఏప్రిల్ 22న జరిగింది. ఈ మూడు తేదీలనూ యూదుల క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. మూడేళ్లూ సరిగ్గా ఆ సాయంత్రమే వాళ్ల పస్కా పండుగ మొదలైంది. 2025లో మాత్రం ఒక్కరోజు తేడా వచ్చింది. మనకు ఏప్రిల్ 11, వాళ్లకు 12.

ఇందులో మాయా మర్మం ఏమీ లేదు. పస్కా గొర్రెపిల్లను కోయాల్సింది నీసాను నెల పద్నాలుగో రోజు సాయంత్రం. నీసాను వాళ్లకు వసంతంలో వచ్చే మొదటి నెల, మనకు చైత్రం. నెలను ఇద్దరమూ చంద్రుణ్ని బట్టే లెక్కపెడతాం. పండుగలు రుతువు తప్పిపోకుండా ఇద్దరమూ మధ్యమధ్య అధిక మాసం కలుపుతాం. ఇక పద్నాలుగో రోజు పౌర్ణమి ముంగిట కాక ఎక్కడ పడుతుంది?

అలాగని ప్రతిసారీ కుదరదు. 2021లో పస్కా మార్చి 27 సాయంత్రమే వచ్చేసింది. మన చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 27. అంటే ఏకంగా నెల తేడా. వాళ్ల నీసాను మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజును పట్టుకుని నడుస్తుంది. మన చైత్రం సూర్యుడు మేషరాశిలో అడుగుపెట్టే రోజును పట్టుకుని నడుస్తుంది. ఈ రెండు రోజుల మధ్య ఇప్పుడు మూడు వారాల పైచిలుకు ఎడం ఉంది. కొన్నేళ్లలో ఆ ఎడం ఇలా నెల తేడాగా బయటపడుతుంది.

పస్కా తెలుగు నేలకు మరీ పరాయిదేం కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే కుటుంబాలు ఉన్నాయి. తాము ప్రాచీన ఇశ్రాయేలు సంతతి అని చెప్పుకునే ఈ తెలుగువాళ్లు సొంతంగా ప్రార్థనా మందిరం కట్టుకుని, యూదుల నెలల ప్రకారమే పండుగలు చేసుకుంటారు.

◆

రంజాన్ ముందురోజు సాయంత్రం వాల్మీకిపురంలోనో, మదనపల్లెలోనో మిద్దెలెక్కి పడమటి దిక్కుకేసి చూసే పిల్లలు మనకు కొత్త కాదు. మబ్బు పట్టిందంటే ఇక ఫోన్లే ఫోన్లు. హైదరాబాద్‌లో నెలవంక కనపడిందా, బెంగళూరులో కనపడిందా అని.

రెండు వేల ఏళ్ల కిందట యెరూషలేములో ప్రతి నెలా ఇలాగే మొదలయ్యేది. గోడకు వేలాడదీసిన క్యాలెండర్ లేదు. ఇరవై తొమ్మిదో రోజు పొద్దు గూకాక నెలవంకను కళ్లారా చూసినవాళ్లు ఇద్దరు వచ్చి ధర్మసభ ముందు సాక్ష్యం చెప్పాలి. చెబితే కొత్త నెల. లేకపోతే పాత నెలకు ముప్ఫయ్యో రోజు కలుస్తుంది. ఆ సాక్షులకు బేత్ యాజేక్ అనే పెద్ద ముంగిట్లో విందు భోజనం పెట్టేవారట, మళ్లీ నెల కూడా రావాలన్న ఆశతో. శనివారపు విశ్రాంతి దినాన కూడా ప్రయాణం చేసి వచ్చి సాక్ష్యం చెప్పొచ్చని మినహాయింపు ఉండేది.

సాక్ష్యం ఊరికే ఒప్పుకునేవారు కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మగ్రంథంలో ఆ అడ్డుప్రశ్నలన్నీ ఉన్నాయి. చంద్రుడు సూర్యుడికి ఉత్తరాన ఉన్నాడా, దక్షిణాన ఉన్నాడా? ఎంత ఎత్తున? కొమ్ములు ఎటు వాలి ఉన్నాయి? వెడల్పెంత? రబ్బాన్ గమలీయేలు అయితే తన మేడగదిలో పలక మీద, గోడ మీద చంద్రుడి ఆకారాలు బొమ్మలు గీయించి పెట్టుకున్నాడు. చదువు సంధ్యలు లేని మనిషి సాక్ష్యానికి వస్తే బొమ్మలు చూపించి, నువ్వు చూసింది ఇదా, అదా అని అడిగేవాడు. (బైబిల్లో పౌలుకు గురువుగా కనిపించే గమలీయేలుకు ఈయన మనవడు.) చివరికి సభాధిపతి నెల మొదలైందని ప్రకటిస్తే, జనమంతా రెండుసార్లు ఆ మాటే అరిచేవారు.

కబురు దూరాలకు చేరేది ఎలా? కొండల మీద మంటలు వేసేవారు. ఒక కొండ మంట చూసి ఇంకో కొండ మీద. మన హార్సిలీ కొండ మీద మంట వేస్తే మదనపల్లె దాన్ని చూసి పుంగనూరుకు చెప్పినట్టు అనుకోండి. అంతా బాగానే ఉంది గానీ, పడని పొరుగువాళ్లు తప్పుడు రోజున దొంగ మంటలు వేయడం మొదలుపెట్టారు. దాంతో మంటలు మాని మనుషుల్నే పంపడం మొదలైంది.

ఇదే గమలీయేలు కాలంలో ఒక తగాదా జరిగింది. నెలవంక చూశామని ఇద్దరు చెప్పారు. మర్నాడు రాత్రి చూస్తే ఆకాశంలో చంద్రుడి జాడ లేదు. అయినా ఆయన ఆ సాక్ష్యాన్నే ఖాయం చేశాడు. యెహోషువ అనే పండితుడు ఇది తప్పు లెక్క అని వాదించాడు. నీ లెక్క ప్రకారం ప్రాయశ్చిత్త దినం ఏ రోజో ఆ రోజున చేతికర్రతో, డబ్బుతో నా దగ్గరికి ప్రయాణమై రా అని గమలీయేలు ఆజ్ఞ వేశాడు. ఆ పవిత్ర దినాన కర్ర పట్టడం, డబ్బు ముట్టడం రెండూ నిషిద్ధం. యెహోషువ మథనపడి, స్నేహితులతో మాట్లాడుకుని, చివరికి వెళ్లాడు. గమలీయేలు లేచి నిలబడి ఆయన తల ముద్దుపెట్టుకున్నాడు.

బైబిల్ సంఘటనలకు తేదీలు కట్టేవాళ్లు మరిచిపోకూడని కథ ఇది. కంప్యూటర్‌కు చెబితే రెండు వేల ఏళ్ల వెనకటి అమావాస్యను నిమిషాలతో సహా ఇస్తుంది. కానీ ఆ ఊళ్లో నెల మొదలైంది అమావాస్యతో కాదు, సభాధిపతి నోటి మాటతో. ఆయన తప్పు చెప్పినా ఆ ఏటికి అదే తేదీ. 2024లో దీపావళి అక్టోబర్ 31నా, నవంబర్ 1నా అని దేశమంతా కొట్టుకున్న మనకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఆకాశంలో అమావాస్య ఒక్కటే, పండుగలే రెండయ్యాయి.

◆

అధిక మాసం ఎప్పుడు వేయాలో మన పంచాంగకర్తలకు స్పష్టమైన సూత్రం ఉంది. ఏ చాంద్రమాసంలో సంక్రమణం రాదో అది అధికం. అందుకే అది 2023లో శ్రావణానికి వచ్చింది, 2026లో జ్యేష్ఠానికి వచ్చింది. యూదులు అలా కాదు. ఎప్పుడు కలిపినా సంవత్సరం చివరి నెల అదారునే రెండోసారి వేస్తారు. పాత రోజుల్లో అది కూడా సూత్రం మీద కాదు, పొలం మీద ఆధారపడేది. యవల వెన్ను పాలు పట్టిందా? చెట్ల కాయలు ముదిరాయా? పగలూ రాత్రీ సమానమయ్యే రోజు దగ్గరపడిందా? ఈ మూడు చూసేవారు. గొర్రెపిల్లలు ఇంకా లేతగా ఉన్నాయి, పావురాలు చిన్నవిగా ఉన్నాయి, పైరు పండలేదు, కాబట్టి ఈ ఏటికి ముప్ఫై రోజులు కలుపుతున్నాం అని గమలీయేలు బాబిలోను, మాదీయ దేశాల్లోని యూదులకు రాయించిన ఉత్తరం తాల్మూదు అనే యూదుల ధర్మగ్రంథంలో పదిలంగా ఉంది. ఫలానా ఏడు వాన ఆలస్యమైందో లేదో మనకు చెప్పేవాడు లేడు కనక, పస్కా మార్చిలో పడిందా ఏప్రిల్‌లో పడిందా అన్న చోట పండితులకు ఎప్పుడూ నెల రోజుల సందేహం మిగులుతుంది.

తర్వాత ఎప్పుడో ఈ చూడడాలు, చాటించడాలు పోయి స్థిరమైన గణితం వచ్చింది. క్రీ.శ. 358 ప్రాంతంలో రెండో హిల్లేలు దాన్ని ఖాయం చేశాడని సంప్రదాయం. పంతొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు, మొత్తం 235 చాంద్రమాసాలు. బాబిలోను వాళ్లకు, గ్రీకు మెటన్‌కు కూడా తెలిసిన చక్రమే ఇది. పంతొమ్మిది సూర్య సంవత్సరాలకూ ఈ 235 నెలలకూ తేడా రెండు గంటలే.

ఈ చక్రాన్ని మీ ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. 2005లో ఉగాది ఏప్రిల్ 9. పంతొమ్మిదేళ్లకు, 2024లో, మళ్లీ ఏప్రిల్ 9. 2002లో ఏప్రిల్ 13, 2021లోనూ ఏప్రిల్ 13. మీ పంతొమ్మిదో పుట్టినరోజున ఇంగ్లిషు తేదీ, జన్మతిథి మళ్లీ కలుస్తాయి, మహా అయితే ఒక రోజు అటూ ఇటూ. ముప్ఫై ఎనిమిదికి మళ్లీ.

ఇక్కడొక గొయ్యి ఉంది. ఫోన్‌లో దొరికే యూదుల క్యాలెండర్ యాప్‌ను రెండు వేల ఏళ్లు వెనక్కి తిప్పి తేదీ తేల్చేశామనేవాళ్లు దాంట్లోనే పడుతుంటారు. ఇప్పటి గణితంలో పస్కా మొదటి రోజు సోమ, బుధ, శుక్రవారాల్లో ఎన్నటికీ రాదు. శరత్కాలంలో వచ్చే ప్రాయశ్చిత్త దినం విశ్రాంతి దినానికి ముందో వెనకో పడితే వరసగా రెండు రోజులు పొయ్యి వెలిగించడానికి ఉండదు కదా. అందుకని ఏడాది మొదలునే ఒక రోజు వాయిదా వేసేస్తారు. నెలవంకను చూసి చెప్పే కాలంలో ఈ సర్దుబాటు లేదు.

◆

యేసును సిలువ వేసినప్పుడు మధ్యాహ్నం చీకటి కమ్మిందని సువార్తలు చెబుతాయి. సూర్యగ్రహణమేమో అనిపిస్తుంది. కానీ మన ఊళ్లో ఏ పెద్దావిడనడిగినా చెబుతుంది, సూర్యగ్రహణం అమావాస్యకే, చంద్రగ్రహణం పౌర్ణమికే అని. 2022 అక్టోబర్ 25న దీపావళి అమావాస్యకు సూర్యుణ్ని పట్టింది, నవంబర్ 8న కార్తీక పౌర్ణమికి చంద్రుణ్ని పట్టింది. పస్కా పౌర్ణమి పండుగ కనక ఆ రోజు సూర్యగ్రహణం అసాధ్యం. ఈ మాట మూడో శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానుస్ అనే క్రైస్తవ రచయిత అన్నాడు.

మరి ఏ రోజు? యేసుకు సిలువ శిక్ష వేసిన పొంతి పిలాతు అధికారిగా ఉన్నది క్రీ.శ. 26 నుంచి 36 వరకు. సిలువ వేసింది శుక్రవారం అని నాలుగు సువార్తలూ ఒప్పుకుంటాయి. యోహాను చెప్పినట్టు అది పస్కాకు సిద్ధపరచుకునే రోజు, అంటే నీసాను 14 అయితే, ఆ పదేళ్లలో 14వ తేదీ శుక్రవారం పడే ఏళ్లు కొన్నే మిగులుతాయి. పండితుల చూపు ఎక్కువగా రెండింటి మీదే ఉంది. క్రీ.శ. 30 ఏప్రిల్ 7, లేదా క్రీ.శ. 33 ఏప్రిల్ 3. మిగతా మూడు సువార్తల్ని చదివితే మాత్రం ముందురాత్రి తిన్నదే పస్కా భోజనం అనిపిస్తుంది. ఆ చిక్కు ఇంకా అలాగే ఉంది.

1983లో కోలిన్ హంఫ్రీస్, గ్రేమ్ వాడింగ్టన్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో 33 ఏప్రిల్ 3కే ఓటేశారు. ఆ సాయంత్రం యెరూషలేములో చంద్రుడు గ్రహణం పట్టే ఉదయించాడని వాళ్ల లెక్క. అప్పటికి విడుపు దాదాపు అయిపోయింది, మామూలు కంటికి ఆనదని ఎదురు వాదించినవాళ్లూ ఉన్నారు. నాకైతే గ్రహణం కన్నా వారం, తిథి కలిసిరావడమే గట్టి ఆధారంగా కనిపిస్తుంది. మన శాసనాల తేదీలు సరిచూసేదీ అలాగే. 1896లో రాబర్ట్ స్యూయెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ కలిసి వేసిన పట్టికలు, ఆ తర్వాత ఎల్.డి. స్వామికన్ను పిళ్లై వేసిన పట్టికలు ముందు పెట్టుకుని, రాతి మీద చెక్కిన తిథికీ వారానికీ పొత్తు కుదిరిందా అని చూస్తారు. కుదరకపోతే శాసనం దొంగదో, చెక్కినవాడు పొరపడ్డాడో, మనం సంవత్సరం తప్పు చదివామో.

రోజు ఎక్కడ మొదలవుతుందన్నదీ ముఖ్యమే. మన తిథివారాలకు సూర్యోదయం గుర్తు, యూదులకు సూర్యాస్తమయం. వాళ్ల శుక్రవారం మన గురువారం సాయంత్రమే మొదలవుతుంది. సిలువ నుంచి దేహాన్ని పొద్దుపోకముందే హడావిడిగా దించడం అందుకే, పొద్దు గూకితే విశ్రాంతి దినం వచ్చేస్తుంది.

శుక్రవారం పోయి ఆదివారం లేస్తే మూడో రోజు ఎలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. తెలుగువాడు ఈ ప్రశ్న వేయడు. మన ఇళ్లలో మనిషి శుక్రవారం పోతే మూడో రోజు కర్మ ఆదివారమే.

◆

ఇలా మొదటిదాన్నీ చివరిదాన్నీ కలిపి లెక్కపెట్టే అలవాటు రాజుల కాలంలో పెద్ద చిక్కే తెచ్చింది. ఇశ్రాయేలు రాజు అహాబు క్రీ.పూ. 853లో కర్కర్ యుద్ధంలో అష్షూరు రాజు మూడో షల్మనేసర్‌తో తలపడ్డాడని కుర్ఖ్ శిలాశాసనం చెబుతుంది. అదే షల్మనేసర్‌కు క్రీ.పూ. 841లో యెహూ కప్పం కట్టినట్టు బ్రిటిష్ మ్యూజియంలోని నల్లరాతి స్తంభం మీద బొమ్మతో సహా ఉంది. మధ్య ఎడం పన్నెండేళ్లు. బైబిల్లో చూస్తే అహాబు తర్వాత అహజ్యా రెండేళ్లు, యెహోరాము పన్నెండేళ్లు ఏలాకే యెహూ వచ్చాడు. మొత్తం పద్నాలుగు.

రెండేళ్లు ఎక్కడ ఎక్కువయ్యాయి? ఇశ్రాయేలు అనే ఉత్తర రాజ్యంలో రాజు గద్దెనెక్కిన ఏడు ఎన్ని నెలలు మిగిలినా అదే మొదటి ఏడు. పోయిన రాజుకు అదే ఆఖరి ఏడు. ఒకే సంవత్సరాన్ని ఇద్దరి ఖాతాలోనూ రాశారు. ఒక్కో రాజుకు ఒక్కో ఏడు తీసేయండి, పన్నెండు సరిపోతుంది. తొమ్మిదేళ్లు నిండిన పిల్లాణ్ని పదో ఏడు నడుస్తోందని చెప్పే నాయనమ్మ లెక్క ఇదే. ఎడ్విన్ థీలే 1951లో తెచ్చిన పుస్తకంతో ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. అష్షూరు సంవత్సరాలకు మూలాధారం మాత్రం వాళ్ల అధికారుల జాబితాలో నమోదైన ఒక సూర్యగ్రహణం. అది క్రీ.పూ. 763 జూన్ 15న పట్టిందని తేలడంతో మిగతా పేర్లన్నీ వాటి వాటి ఏళ్లకు చేరాయి.

బాబిలోనులో పద్ధతి వేరు. రాజు గద్దెనెక్కిన ఏటిలో మిగిలిన నెలలు లెక్కలోకి రావు, తర్వాతి నీసాను నుంచే ఒకటో ఏడు. బాబిలోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును పట్టుకుని యూదా రాజు యెహోయాకీనును చెరపట్టింది అతని ఎనిమిదో ఏట అంటుంది రాజుల రెండో గ్రంథం. యిర్మీయా గ్రంథం చివరి అధ్యాయం ఏడో ఏట అంటుంది. చాలాకాలం దీన్ని బైబిల్లో తప్పు కింద చూపించేవారు. 1956లో డోనల్డ్ వైజ్‌మన్ ప్రచురించిన బాబిలోను మట్టిపలకలో ఏడో ఏడు, అదారు నెల రెండో రోజు అని ఉంది. అంటే క్రీ.పూ. 597 మార్చి 16. పాత నిబంధనలో ఇంత కచ్చితంగా రోజుతో సహా తేలిన సంఘటనలు అరుదు. ఏడు, ఎనిమిది రెండూ సరైనవే, రాసిన చేతులే వేరు.

మన దగ్గరా ఇంతకు మించిన లెక్కలున్నాయి. గాంగుల, గజపతుల ఏలుబడిని లెక్కపెట్టే అంక సంవత్సరాల్లో ఒకటి ఉండదు, ఆరు ఉండదు, పదహారు, ఇరవై, ఇరవై ఆరు ఉండవు. రెండుతో మొదలుపెట్టి ఆరుతోనూ సున్నాతోనూ ముగిసే అంకెల్ని దాటేస్తారు, పదిని మాత్రం వదలరు. సింహాచలం గోడ మీద ఇరవై ఐదో అంక సంవత్సరం అని ఉంటే నిజానికి ఆ రాజు ఏలుబడికి అది ఇరవై ఒకటో ఏడు. ఈ సంగతి తెలియకుండా చరిత్ర రాస్తే ఆ రాజుకు నాలుగేళ్లు ఉత్తపుణ్యానికి దానమిచ్చినట్టే. రేనాటి సీమలోని కలమళ్ల శాసనమైతే ఏ సంవత్సరమూ చెప్పదు. 575 అని మనం చదువుకునేది లిపి తీరునుంచి, రాజుల వరసనుంచి రాబట్టిందే.

◆

బైబిల్లో ఒకే నెలకు రెండు పేర్లు కనిపిస్తాయి. మోషే గ్రంథాల్లో అబీబు, నెహెమ్యా, ఎస్తేరు గ్రంథాల్లో నీసాను. రెండోది బాబిలోను చెర తర్వాత అక్కడి నుంచి తెచ్చుకున్న పేరు. పేరు చూసి రాత కాలాన్ని కొంత ఊహించొచ్చు. ఇవి తెలుగులో ఎలా ఉండాలో ఏళ్ల తరబడి కూర్చుని చూసినవాళ్లలో మదనపల్లెకు వాటా ఉంది. 1860ల్లో ఇక్కడికొచ్చిన ఆర్కాట్ మిషన్ డాక్టరు జేకబ్ చాంబర్లిన్ తెలుగు బైబిల్ సవరణ సంఘానికి చాలా ఏళ్లు అధ్యక్షత వహించాడు.

◆

క్రీస్తు పుట్టింది క్రీస్తుపూర్వం! ఇదీ పస్కా తేల్చిన సంగతే. యేసు పుట్టినప్పుడు హేరోదు రాజు బతికే ఉన్నాడు. హేరోదు పోవడానికి కొంచెం ముందు చంద్రగ్రహణం పట్టిందని, పోయిన కొన్నాళ్లకు పస్కా వచ్చిందని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. క్రీ.పూ. 4లో మార్చి 13న గ్రహణం, దాదాపు నెలకు పస్కా. ఎక్కువమంది దీన్నే ఒప్పుకుంటారు. క్రీ.పూ. 1 జనవరి గ్రహణం అనేవాళ్లూ లేకపోలేదు. క్రీస్తు శకాన్ని ఆరో శతాబ్దంలో లెక్కగట్టిన డయోనీసియస్ కొన్నేళ్లు ముందువెనకలయ్యాడన్నమాట.

డిసెంబర్ 25 సంగతేమిటంటారా? దానికి యూదుల లెక్కలో ఆధారం వెతికేవాళ్లు యాజకుల వంతుల దగ్గరికి వెళతారు. మన గుళ్లలో అర్చక కుటుంబాలకు వంతులున్నట్టే యెరూషలేము దేవాలయంలో ఇరవై నాలుగు తరగతులు, తరగతికి వారం చొప్పున. బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యా అబీయా తరగతివాడని లూకా రాశాడు, అంటే ఎనిమిదో వంతు. క్రీ.శ. 70లో దేవాలయం తగలబడిన రోజున మొదటి వంతు యెహోయారీబు వాళ్లదని యూదుల సంప్రదాయం. అక్కడి నుంచి వారాలు వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే జెకర్యా గుళ్లో ధూపం వేసిన వారం, అక్కడి నుంచి యోహాను పుట్టుక, ఆరు నెలలకు యేసు పుట్టుక వస్తాయట. చూడముచ్చటైన లెక్కే. కానీ మూడు పెద్ద పండుగలకు తరగతులన్నీ కలిసి పనిచేసేవి. ఆ వారాలు వంతులో పడ్డాయా, పక్కన పెట్టారా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. పైగా జెకర్యాకు ఏడాదికి రెండుసార్లు వంతు. అందుకే ఒకే లెక్క మొదలుపెట్టినవాళ్లలో ఒకరు సెప్టెంబర్‌లో తేలితే ఇంకొకరు మార్చిలో తేలారు, మరొకరు సరిగ్గా డిసెంబర్‌కే చేరుకున్నారు.